పన్నెండు కిటికీలు, ఒక పంచదార దిమ్మ

శనివారం పొద్దున్న కెనిత్రాలో రైలెక్కేటప్పుడు అబ్దెల్‌జలీల్ పథకం చాలా చిన్నది. ఫెజ్ వెళ్లాలి. రెండు రోజులు తీరిగ్గా ఉండాలి. నీటి గడియారాన్ని కళ్లారా చూడాలి. ఎవరింటా భోంచెయ్యకూడదు.

ఆ చివరి ముక్కే కష్టం. అతను ముప్ఫై ఏళ్లుగా గడియారాలు బాగుచేస్తున్నవాడు. ఫెజ్ పాత ఊళ్లో గోడ పొడుగునా పన్నెండు కిటికీలతో ఉన్న ఆ గడియారం వందల ఏళ్ల కిందట ఎలా నడిచిందో తేల్చి చెప్పినవాళ్లు లేరు. కిటికీల వెనక చిన్న బండి ఒకటి ఎడమ నుంచి కుడికి జరిగేదంటారు. సరే, ఆ బండిని లాగిందేమిటి, గంటగంటకీ ఆపిందేమిటి? ఈ ప్రశ్న అతన్ని అన్నం తిననిచ్చేది కాదు. పెళ్లిళ్లకీ చావులకీ ఇరవైసార్లు ఫెజ్ వెళ్లాడు. వెళ్లినప్పుడల్లా గడియారం కింద నిలబడి తలెత్తేవాడు. చూపు రెండో కిటికీ దాటేలోగా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని భోజనానికి లాక్కుపోయేవారు. ఎందుకంటే గడియారానికి ఎదురిల్లు అతని మేనత్త లల్లా జుహూర్‌ది. ఆవిడ ఇంట్లో తింటే ఊళ్లో ఉన్న మిగతా ఐదిళ్ల చుట్టాల దగ్గరా తినాలి, తినకపోతే ఐదేళ్లు మాటలుండవు. ఇప్పుడు చూపు మందగిస్తోంది. వచ్చే ఏడు గడియారం ఎదురుగా ఉన్నా కిటికీలు కనబడతాయన్న నమ్మకం లేదు.

"ఎవరికీ చెప్పలేదు కదా?" అన్నాడు రైల్లో.

"మా అమ్మకే చెప్పలేదు" అంది భార్య తౌరియా.

"మరి ఆ సంచిలో పొడుగ్గా ఏమిటది?"

"పంచదార దిమ్మ."

"మనం ఎవరింటికీ వెళ్లట్లేదు కదే."

"వెళ్లం. ఖర్మగాలి దొరికిపోతే? చేతులూపుకుంటూ మీ అత్త కంటబడమంటారా? ఆవిడ మిమ్మల్నేమీ అనదు, నన్నంటుంది."

నీలి కాగితం చుట్టిన ఆ దిమ్మ లేనిదే ఏ ఇంట్లోనూ మంచీ చెడూ జరగవు. పురిటికీ అదే, పరామర్శకీ అదే, పిల్లనడగడానికి వెళితే ముందు గడప దాటేదీ అదే. అబ్దెల్‌జలీల్ వాదించలేదు.

ఫెజ్‌లో దిగాక తౌరియా దారాల బజారుకు బయల్దేరుతూ సంచి అతని చేతిలో పెట్టింది. "కింద పెట్టకండి, చీమలు పడతాయి" అని చెప్పి వెళ్లింది. అతను జెల్లాబా అంగీకున్న ముసుగు ముక్కుదాకా లాక్కుని, దిమ్మను పసిబిడ్డలా గుండెకు హత్తుకుని, గడియారం కింద నిలబడ్డాడు. కిటికీలు ఎత్తుగా ఉన్నాయి, సందు ఇరుగ్గా ఉంది. మూడో కిటికీ చూడడానికి ఒకడుగు వెనక్కి వేశాడు. నాలుగో దానికి ఇంకో అడుగు. లెక్కలు గొణుక్కుంటూ అలా వెనక్కి వెళ్లి వెళ్లి మేనత్త గుమ్మం మెట్టెక్కేశాడు. ఎక్కిన సంగతి అతనికి తెలియదు.

పక్క కొట్టులో చెప్పులు కుట్టే సీ బూఅజ్జాకు తెలుసు. మంచి జెల్లాబా వేసుకున్న మనిషి ఒకడు పంచదార దిమ్మ పట్టుకుని, అరగంటగా ఆ గుమ్మంలో ఉన్నాడు. తలుపు కొట్టడు. పెదాలు కదుపుతున్నాడు, ప్రార్థనే అయ్యుంటుంది. లోపల పెళ్లీడు పిల్ల ఉంది. ఇంకా ఏం కావాలి? అతను పెరటి దారిన వెళ్లి కబురు చెప్పొచ్చాడు.

ఇంతలో తోళ్ల మూటలతో కంచరగాడిద ఒకటి సందులోకి వచ్చింది. అబ్దెల్‌జలీల్ తప్పుకోవడానికి వెనక్కి నక్కాడు. దిమ్మ వెళ్లి తలుపుకు ఠపీమని తగిలింది. తలుపు వెంటనే తెరుచుకుంది, ఎందుకంటే లోపల పావుగంటగా అందరూ తలుపు వెనకే నిలబడి ఉన్నారు.

"మన జలీలే" అంది లల్లా జుహూర్ అతని ముసుగు తీసి చూసి. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "పరాయివాళ్లనుకుని భయపడ్డాను నాయనా. దిమ్మ ఇలా ఇవ్వు."

క్షణంలో అతను దిండ్ల మధ్య కూర్చుని ఉన్నాడు. చేతిలో పుదీనా టీ, చుట్టూ సగం వీధి.

"అత్తా, నేను గడియారం చూద్దామని వచ్చాను."

అందరూ మెచ్చుకోలుగా తలలూపారు. పిల్లనడగడానికి వచ్చినవాడు నేరుగా విషయానికి రాడు, ముందు వానల గురించీ ఆలివ్‌ల గురించీ మాట్లాడతాడు.

"మర్యాదస్తుడు" అన్నాడు బూఅజ్జా.

"నిజంగా గడియారం కోసమే."

"అలాగే నాయనా, తొందరేం లేదు. మీ అబ్బాయి అనస్‌కి ఎన్నేళ్లిప్పుడు?"

"ఇరవై ఏడు" అన్నాడతను, పెద్దవాళ్లు అడిగితే జవాబు చెప్పే అలవాటు కొద్దీ.

ఆడవాళ్లు నాలుకలాడించి శుభకేకలు మొదలుపెట్టారు. ఆ కేకలు విని ఎవరింట్లో శుభకార్యమో చూద్దామని తొంగిచూసిన తౌరియాకు దిండ్ల మధ్య మొగుడు కనబడ్డాడు.

"ఏం చేశారు?" అంది పక్కన కూర్చుని, నవ్వు చెదరకుండా.

"నిలబడ్డానంతే."

"నిలబడి కొడుకు పెళ్లి కుదిర్చేశారు."

ఇప్పుడు కాదంటే, వీధి ముందు ఎవరూ అడగని పిల్లగా మిగిలేది మేనత్త మనవరాలు గీతా. ఆ పిల్ల ఏం పాపం చేసిందని? అబ్దెల్‌జలీల్‌కు నిజంగా ఏడుపొచ్చింది.

గీతా బాదం బిస్కెట్ల పళ్లెం కింద పెట్టింది. నిరుడే బళ్లో లెక్కల టీచరుగా చేరింది. "మావయ్యతో రెండు నిమిషాలు మాట్లాడాలి" అని అతన్ని మేడమీది ధాన్యం గదిలోకి తీసుకుపోయింది.

"మీరు గడియారం కోసమే వచ్చారు కదూ?"

"నీకెలా తెలుసమ్మా?"

"చిన్నప్పట్నుంచీ ఇక్కణ్నుంచే చూస్తున్నాను. మీరు తలెత్తుతారు, రెండో కిటికీ దగ్గర మా నానమ్మ మిమ్మల్ని పట్టుకుంటుంది." ఆమె గోధుమ బస్తా జరిపి చెక్క తలుపు తెరిచింది.

ఎదురుగా పన్నెండు కిటికీలు, సరిగ్గా కంటి ఎత్తున ఉన్నాయి. ఇరవైసార్లు వచ్చి ఈ గది కింద కూర్చుని తిన్నాడతను.

"నాకిప్పుడు పెళ్లి వద్దు మావయ్యా. నేనే కాదంటే మా పరువు నిలుస్తుంది, తలవంపులు మీకు. పరవాలేదా?"

"దానికేం తల్లీ. ఆ నాలుగో కిటికీ గడప ఒక పక్కే అరిగింది, చూశావా?"

"ఏడోదీ అంతే" అని చెప్పి ఆమె కిందికి వెళ్లి సంబంధం వద్దంది.

కాసేపటికి లల్లా జుహూర్ బస్తీలా అనే మాంసం కూరిన తీపి రొట్టె పళ్లెం పట్టుకుని మెట్లెక్కొచ్చింది. "మనసు కష్టపెట్టుకోకు నాయనా. ఈ గదిలోకి ఎవర్నీ రానివ్వను, నీకు తోచినన్నాళ్లుండు" అంది. మిగతా ఐదిళ్లవాళ్లూ కబురు విని, పాపం ఏ మొహం పెట్టుకుని వస్తాడని ఎవరూ భోజనానికి పిలవలేదు. కాదన్న సంబంధం తాలూకు పంచదార తిరిగి ఇచ్చెయ్యాలి గనక దిమ్మ కూడా తౌరియా సంచిలోకి చేరింది. ఆమె హాయిగా దారాలు బేరమాడుకుంది. అతను రెండు రోజులు ధాన్యం గదిలో కూర్చుని, గీతా ఇచ్చిన లెక్కల నోటుబుక్కులో బండి బొమ్మలు గీశాడు.

ఆదివారం మధ్యాహ్నం కొడుకు ఫోన్ చేశాడు.

"నాన్నా, ఫెజ్ నుంచి ఆరిళ్లవాళ్లు ఫోన్ చేసి ధైర్యంగా ఉండమంటున్నారు. నన్నెవరో కాదన్నారట. ఎవరు?"

"వచ్చాక చెప్తాను, అందాకా ధైర్యంగా ఉండు" అని ఫోన్ పెట్టేసి, అబ్దెల్‌జలీల్ ఎనిమిదో కిటికీకి వచ్చాడు.