గంభీరయ్యగారి గెలుపు గుర్రం

ఒక పెద్ద అడవిలో, అడవి మొత్తానికి ఒకే ఒక్క టీవీ ఉన్న రోజుల్లో, శనివారం సాయంత్రాలన్నీ గంభీరయ్యవే. గంభీరయ్య గాడిద. మర్నాటి గుర్రప్పందెంలో ఏ గుర్రం గెలుస్తుందో టీవీలో చెప్పడం ఆయన ఉద్యోగం. గుర్రాల సంగతి చెప్పడానికి గాడిదేమిటని ఎవరైనా అడిగితే, టీవీవాళ్లు "దగ్గర బంధువే కదండీ" అనేవాళ్లు.

మెడలో పట్టు కండువా, నెత్తిన టోపీ, టోపీకి రెండు కన్నాలు, కన్నాల్లోంచి రెండు చెవులు. కెమెరా వైపు ఓరగా చూసి, "రేపు గెలిచేది ఫలానా గుర్రం. రాసి పెట్టుకోండి" అనేవాడు. కోతి చెట్టెక్కి యాంటెన్నా పట్టుకుని నిలబడేది. బొమ్మంతా చుక్కలు చుక్కలుగా వచ్చినా సరే, అడవి నోరు తెరుచుకుని చూసేది.

అందరూ విన్నారుగానీ ఎవరూ రాసి పెట్టుకోలేదు. గంభీరయ్య పరువు దక్కింది అందుకే. ఆయన చెప్పిన గుర్రం ఏనాడూ గెలవలేదు. ఒక్కసారంటే ఒక్కసారి కూడా గెలవలేదు.

కారణం ఆయనకి తెలుసు. పొద్దున్నే గుర్రాల్ని చూడటానికి వెళ్లేవాడు. వరసలో తల వేలాడేసుకున్న గుర్రం ఒకటి ఉండేది. దాని మొహం చూడగానే ఆయనకి కడుపు తరుక్కుపోయేది. సాయంత్రం దాని పేరే చెప్పేసేవాడు.

తర్వాత ప్రతి బొరియలోకీ టీవీ వచ్చింది, గంభీరయ్య కార్యక్రమం పోయింది. పాత టేపులన్నీ చెదలు తినేశాయి. సాక్ష్యం పోయాక కీర్తి మొలకెత్తింది. "మా తాత గంభీరయ్యగారి మాట విని ఈ గుహ సంపాదించాడు" అని ఒక తోడేలు చెప్పుకునేవాడు. నిజానికి ఆ తాత ఉన్న గుహ పోగొట్టుకుని పొదలో కాపురం పెట్టాడు.

ఈ కీర్తి నక్క పానకాలరావు చెవిన పడింది. ఆయన అడవి సన్మాన సంఘానికి శాశ్వత కార్యదర్శి. సన్మానం చేయించుకోని జంతువు కనిపిస్తే ఆయనకి నిద్ర పట్టదు.

"గంభీరయ్యగారూ, మీకు శాలువా, దండ, మీ పేరిట పందెం. మీరు ఒక్క జోస్యం చెప్పాలి. అది ఫలించగానే మీ పేరిట జోస్య విద్యాపీఠం పెడతాం. కులపతిగా ఉండమని నన్ను నేనే బలవంతపెట్టుకున్నాను" అన్నాడు.

"ఫలించకపోతేనో?" గంభీరయ్య అడిగాడు.

"ఎందుకు ఫలించదండీ? మీరు ఎవరి పేరు చెబితే వాళ్లని గెలిపించమని గుర్రాలన్నిటికీ చెప్పి ఉంచాను. పెద్దాయన మీద గౌరవంతో అందరూ ఒప్పుకున్నారు."

ఇంకొకరైతే కోపం తెచ్చుకునేవారు. గంభీరయ్యకి మాత్రం గుండె గంతులేసింది. ఇంటికి పరుగెత్తి, "రత్తమ్మా, చచ్చేలోగా ఒక్కసారి, ఒకే ఒక్కసారి నా మాట నిజం కాబోతోంది" అన్నాడు.

భార్య రత్తమ్మ గడ్డి నమలడం ఆపలేదు. "మన పెళ్లినాడు వాన పడదన్నారు. పందిరి ఏట్లో దొరికింది."

"అది వాతావరణం. ఇది గుర్రాల శాస్త్రం. కుర్రగుర్రం తుఫాను పేరు చెబుతాను. మామూలుగా పరిగెత్తినా గెలుస్తాడు."

"చెప్పండి చూద్దాం" అంది రత్తమ్మ.

సభ రోజు రానే వచ్చింది. అధ్యక్షుడు ఎలుగుబంటి తొలి పలుకులు పలికి, అలాగే నిద్రపోయాడు. మైకు గంభీరయ్య ముందుకొచ్చింది. 'తుఫాను' అని మనసులో అనుకుంటూనే గుర్రాల వరస వైపు చూశాడు. చివర ముసలి చంద్రకళ నిలబడి ఉంది. తల నేలకి ఆనబోతోంది.

"చంద్రకళ" అంది ఆయన నోరు. "రాసి పెట్టుకోండి."

చప్పట్లు మోగాయి. చంద్రకళ తలెత్తి చూసింది. పానకాలరావు చలించలేదు. ఎవరైతేనేం, గెలిపించడం తన చేతిలో పనే. అడవంతా ఎగబడి, నెల రోజుల తిండి చంద్రకళ మీద కాసింది. పానకాలరావు సంఘం గాదెలో ఉన్నదంతా కాశాడు. అందరూ ఒకే గుర్రం మీద కాస్తే గెలిచినవాళ్లకి ఎవరివ్వాలని ఒక్కరూ అడగలేదు.

రత్తమ్మ మాత్రం ఒక గడ్డిమోపు మోసుకొచ్చి పానకాలరావు ముందు పడేసింది. "చంద్రకళ కాకుండా ఇంకెవరైనా సరే. వాళ్ల మీద నాది."

"మీ ఆయన మాట మీద మీకే నమ్మకం లేదా తల్లీ?"

"బోలెడుంది బాబూ" అంది రత్తమ్మ.

కొంగ జెండా ఊపింది. ఒక్క గుర్రమూ కదల్లేదు.

"ముందు మీరు కానివ్వండి." "అబ్బే, పెద్దవారు, మీరు పదండి." ఒకడు లాడం సరిచేసుకున్నాడు. తుఫానైతే వెల్లకిలా పడుకుని దొర్లడం మొదలుపెట్టాడు. "పిన్నిగారూ, మీరే కానివ్వండి" అని అందరూ చంద్రకళని బతిమాలారు.

చంద్రకళ మెల్లగా నడిచింది. నడిచి నడిచి గెలుపు గీతకి నాలుగడుగుల ఇవతల ఆగిపోయింది.

"ఏమైందమ్మా?" వేదిక మీంచి గంభీరయ్య అరిచాడు.

"నేనెప్పుడూ ముందు నడిచి ఎరగనండీ గంభీరయ్యగారూ. ముందు ఎవరిదో ఒకరి తోక ఉంటే, అది చూసుకుంటూ పోయేదాన్ని. ఇక్కడేమో తోకే లేదు. ఎటు పోవాలో తెలియట్లేదు."

జీవితమంతా ఎదురుచూసిన గెలుపు నాలుగడుగుల దూరంలో నిలబడి దిక్కులు చూస్తోంది. గంభీరయ్యకి ఒళ్లు తెలియలేదు. శాలువాతో, దండతో వేదిక మీంచి దూకేశాడు. చంద్రకళ ముందుకెళ్లి తోక ఆడించాడు.

"ఇదిగో తోక. నా వెనకే వచ్చెయ్ తల్లీ."

ఆయన గీత దాటాడు. వెనకే చంద్రకళ దాటింది.

"మొదట గంభీరయ్యగారు. రెండోది చంద్రకళ" అంది కొంగ.

"ఆయన గుర్రం కాదు" అని పానకాలరావు గొంతు చించుకున్నాడు.

"గుర్రమే అయ్యుండాలని నిబంధనల్లో లేదండీ. నాలుగు కాళ్లు, ఒక తోక చాలని ఉంది. మీ బావమరిది పోటీలో దిగుతాడని మీరే అలా రాయించారు."

అడవికి నెల రోజుల తిండి పోయింది. అప్పుడొక ముసలి తాబేలు గొంతు సవరించుకున్నాడు. "ఉండండి, ఉండండి. ఈయన చెప్పింది ఏనాడు జరిగింది గనక? ఈయన మాట విని నేను డిప్ప ఒక్కటే మిగుల్చుకున్నాను." అని పగలబడి నవ్వాడు. పెద్దలందరికీ ఒక్కసారిగా అన్నీ గుర్తొచ్చాయి. ఓడిపోయిన ప్రతి ఆదివారమూ ఇలాగే నవ్వుకునేవాళ్లమని కూడా గుర్తొచ్చింది. నవ్వుకి ఎలుగుబంటి లేచి, సభ ముగిసిందనుకుని వందన సమర్పణ చేశాడు.

గంభీరయ్య దండ మెడలోనే ఉండగా రత్తమ్మ దగ్గరికొచ్చాడు. "మళ్లీ తప్పిపోయింది" అన్నాడు, ఏడుపు గొంతుతో.

"అటు చూడండి."

చంద్రకళ తలెత్తుకుని కుర్రగుర్రాలకి చెబుతోంది: "రెండో స్థానం. ఇంత ముందుకి నేనెప్పుడూ రాలేదర్రా." గంభీరయ్యకి కళ్లు చెమర్చాయి. ఎంత ఆపుకున్నా సంతోషం ఆగలేదు.

ఈలోగా పానకాలరావు తల వంచుకుని, అందరూ కాసిందంతా ఉన్న గాదె తాళంచెవి తెచ్చి రత్తమ్మ ముందు పెట్టాడు. రత్తమ్మ అడవినంతా భోజనానికి పిలిచింది.

"నువ్వు నా మాటకి ఎదురు పందెం కాశావా?" గంభీరయ్య తెల్లబోయాడు.

"టీవీవాళ్లు మీకు కండువా తప్ప ఏమిచ్చారు గనక? ప్రతి శనివారం మీరు చెప్పిన గుర్రాన్ని వదిలేసి కాసేదాన్ని. ఇన్నేళ్లూ ఇల్లెలా గడిచిందనుకున్నారు? పదండి, వడ్డించాలి."

నీతి: ఎప్పుడూ తప్పే చెప్పేవాణ్ని మించి నమ్మదగినవాడు లోకంలో లేడు.