సేవ్ అవుతోంది, కాసేపు మాట్లాడుకుందాం!

కంప్యూటర్ నెమ్మదించకపోతే నా కాపురం నిలబడేది కాదు! నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను.

నేను ప్రోగ్రాములు రాసే ఉద్యోగిని. రాసేది ఎడిటర్ అనే సాఫ్ట్‌వేర్‌లో. దానికి ముచ్చటపడి నేనే ఓ యాడ్‌ఆన్, అంటే ఓ అదనపు హంగు, తగిలించాను. ఫైల్లో ఉన్న ఫంక్షన్ల, అంటే ప్రోగ్రాములోని చిన్న చిన్న భాగాల, పేర్లన్నింటినీ, చిన్న చిన్న గుర్తులతో సహా, గ్రూప్ ఫొటోలో చుట్టాల్లా ఓ పక్కన వరసగా నిలబెడుతుంది. చిక్కల్లా ఒక్కటే. సేవ్ నొక్కిన ప్రతిసారీ ఆ చుట్టాలందరినీ మళ్లీ మొదటినుంచీ పలకరించి వస్తుంది. ఒక్క కామా మార్చినా సరే! అందాకా తెరమీద చక్రం తిరుగుతూనే ఉంటుంది.

మీరైతే విసుక్కునేవారు. నేనేం చేశానో తెలుసా? తల పైకెత్తాను! మా ఆఫీసుకి కిటికీ ఉందన్న సంగతి అప్పుడే తెలిసింది. పక్క సీటావిడతో మాట కలిసింది. ఇన్నేళ్లుగా ఆవిడ ప్రింటర్ బాగుచెయ్యడానికి వచ్చిందనుకున్నాను. ఆవిడా ప్రోగ్రామరేనట!

అంతకన్నా ఘనకార్యం ఇంకోటుంది. అలిగి మాటలు మానేసిన మా ఆవిడకి ఫోన్ చేశాను.

"ఏంటి, ఆఫీసు టైంలో?" అంది.

"ఫైల్ సేవ్ అవుతోంది."

"అయితే అయ్యేలోపు సారీ చెప్పు."

చెప్పాను. ఇంకా అవుతూనే ఉంది. చేసేదేమీ లేక తనూ చెప్పింది! ఆ రోజునుంచీ సేవ్ నొక్కినప్పుడల్లా తనకి ఫోనే. ఏ కౌన్సెలర్ చేస్తాడండీ ఈ పని, అదీ ఉచితంగా?

ఇంత చల్లని సంసారంలో పక్క సీటావిడ నిప్పులు పోసింది. పాపం, మేలు చేద్దామనే!

"తప్పు మీ ఫైల్‌ది కాదండీ. ఆ గుర్తుల యాడ్‌ఆన్ ఆపి చూడండి" అంటూ మౌస్ లాక్కుని తనే ఆపేసింది.

సేవ్ నొక్కాను. రెప్ప వేసేలోపు అయిపోయింది! తల పైకెత్తే వ్యవధే లేదు.

తిరిగి చూస్తే వెనకాలే మేనేజర్.

"అరె, ఇంత ఫాస్టా! అయితే ఇంకో ప్రాజెక్టు కూడా మీరే చూసెయ్యండి" అన్నాడు, అవార్డు ఇస్తున్నంత సంబరంగా. అంతటితో ఆగాడా? మధ్యాహ్నానికల్లా ఆఫీసు మొత్తంలో ఆ యాడ్‌ఆన్‌ని నిషేధించాడు. కిటికీ మళ్లీ మాయమైంది.

సాయంత్రం మా ఆవిడే ఫోన్ చేసింది.

"ఏం, ఇవాళ సేవ్ చెయ్యలేదా?"

"చేశాను. ఇప్పుడు చిటికెలో అయిపోతోంది."

"అబ్బ, ఎంత మంచి కబురు! అయితే ఇకమీదట తొందరగా ఇంటికొచ్చేస్తావన్నమాట!"

ఏం చెప్పమంటారు? పని తొందరగా అయితే మనిషీ తొందరగా ఇంటికొస్తాడని ఇంకా నమ్ముతోంది, పిచ్చిది!