ఛైర్మన్ గారి గడ్డం, మా ఊరి కల్వర్టు

“రేపల్లె దగ్గరి ఆ కల్వర్టు పూర్తయ్యేదాకా నా గడ్డం మీద కత్తి పడదు” అని త్రిపట్టణ ప్రగతి మండలి ఛైర్మన్ శ్రీ భరద్వాజ గారు బాపట్ల సభలో ప్రకటించిన సంగతి పాఠకులు పేపర్లలో చదివే ఉంటారు. తెనాలి, బాపట్ల, రేపల్లెలను ఒకేసారి అభివృద్ధి చేయడానికి పుట్టిన ఈ మండలికి ఆఫీసు ఇంకా దొరకలేదు. అయినా ఛైర్మన్ గారు ఒక్కరోజు కూడా వృథా చేయకుండా ప్రకటనలు చేస్తూనే ఉన్నారు.

ఆ కల్వర్టు మా ఊరిది. రెండేళ్ళ కిందట తుఫానుకు కొట్టుకుపోయింది. ఇప్పుడు రేపల్లె వెళ్ళాలంటే సైకిళ్ళు మాత్రమే పట్టే కట్ట మీద పదకొండు కిలోమీటర్లు చుట్టు తిరగాలి, లేదా తాటిమొద్దు మీద కాలువ దాటాలి. అంబులెన్సు తాటిమొద్దు ఎక్కదు కాబట్టి అవతలి గట్టున ఆగి హారన్ కొడుతుంది. నెలలు నిండిన ఆడవాళ్ళను మా నర్సమ్మ ప్రేమకుమారి మంచం మీద మోయించి నీళ్ళలోంచి దాటిస్తుంది. ఇంతవరకు ఎవరూ జారిపడలేదంటే అది ఆవిడ ప్రార్థన బలమే.

ఛైర్మన్ గారి గడ్డం మాత్రం చక్కగా సాగింది. నాలుగు నెలలకు చొక్కా మొదటి గుండీ దాటింది. కల్వర్టు ఎంతవరకు వచ్చిందని ఎవరైనా అడిగితే రెండో గుండీ దగ్గరికి వచ్చిందని చెప్పుకునేవాళ్ళం. పైగా ఎండలు. దురద. సభలో దండ వేయబోతే గడ్డానికి చిక్కుకుని పూలు రాలేవి.

నేను పద్దెనిమిదిసార్లు అయ్యప్ప మాల వేసినవాణ్ణి. గడ్డాల గురించి, మొక్కుల గురించి నాకు తెలుస్తుందని ఆయన నమ్మకం. అందుకే ఒకరోజు మా ఇంటికొచ్చి, లేజర్‌తో వెంట్రుకలు తీయించుకుంటే మాట తప్పినట్టవుతుందా అని అడిగారు. కత్తి తగలదట, వెలుగు మాత్రమే తగులుతుందట. సూర్యుడిదీ వెలుగే కదా బాబాయ్ అన్నారు. అందులో తప్పు నాకు కనబడలేదు. ధర్మసందేహం వస్తే తీర్చడానికి నన్నూ తాటిమొద్దు దాటించి, అవతలి గట్టున ఆపిన కార్లో తెనాలి తీసుకెళ్ళారు.

అక్కడి స్కిన్ క్లినిక్‌లో డాక్టర్ లాస్య గారు ఆయన గడ్డాన్ని పైనుంచి రెండో గుండీ దాకా చూశారు.

“గీసుకుని రమ్మని మా వాళ్ళు ఫోన్లో చెప్పలేదాండీ?”

“గీసుకోకూడదనే కదమ్మా ఇక్కడికొచ్చింది.”

“ఇంత గడ్డం మీద లేజర్ వేస్తే చర్మం కాలిపోద్దండి. అది లోపల వేరుకి తగలాలి. పైన వెంట్రుక ఉండకూడదు.”

“పైన లేకుండా చెయ్యాలంటే?”

“గీసుకోవాలండి.”

ఆరు సిట్టింగులు పడతాయని, ఆరు వారాలకోసారి రావాలని, ప్రతిసారీ ముందురోజు గీసుకోవాలని ఆవిడ వివరించారు. తిరుగు ప్రయాణంలో ఛైర్మన్ గారు వేమూరు దాటేదాకా గడ్డం గోక్కుంటూనే ఉన్నారు. భట్టిప్రోలు దగ్గర అడిగారు.

“బాబాయ్, కల్వర్టు పూర్తయిన రోజు గీసుకోవచ్చు కదా?”

“నిక్షేపంగా గీసుకోవచ్చు బాబూ.”

“పూర్తయ్యాక అది ఎన్నాళ్ళు ఉండాలో నేను బాపట్లలో ఏమైనా చెప్పానా?”

గుర్తు చేసుకున్నాను. చెప్పలేదు.

వారం తిరక్కుండా పని జరిగిపోయింది. ఆయన బావమరిది పొన్నూరులో డ్రైనేజీ కాంట్రాక్టరు. అక్కడి సిమెంటు తూములు ఆరు లారీ మీద వచ్చాయి. జేసీబీ వాటిని కాలువలో పరిచి పైన గ్రావెల్ పోసింది. పదకొండు గంటలకు రిబ్బన్ కత్తిరించారు. కల్వర్టు నడిమధ్యన కుర్చీ వేసి, బ్యాండు మేళం మధ్య మంగలి సుందరయ్య ఛైర్మన్ గారి గడ్డం గీశాడు. రెండు గుండీల పొడవు తగ్గాక ఆయన్ను మేమెవరమూ గుర్తుపట్టలేదు, చప్పట్లు మాత్రం కొట్టాం. మర్నాడు పొద్దున్నే ఆయన తెనాలిలో మొదటి సిట్టింగుకు వెళ్ళారు, జేసీబీ వచ్చి తూములు తీసుకుపోయింది. పొన్నూరులో పని ఆగిపోతుందట.

ఆరు వారాలకు రెండో సిట్టింగు వచ్చింది. ఒకసారి పూర్తయింది కదా, ఇక ఊరికే గీసుకుంటే ఏంటి అని ఆయన అడిగారు. కల్వర్టు లేని రోజున కత్తి పెడితే మాట నిలబడినట్టేనా బాబూ అని మాత్రం అన్నాను. గతంలో కోటప్పకొండ మొక్కు ఒకటి మరిచిపోయి మున్సిపల్ ఎన్నికల్లో పదిహేడు ఓట్లతో ఓడిపోయారు ఆయన. వెంటనే పొన్నూరుకు ఫోన్ చేశారు. తూములు వచ్చాయి. రిబ్బన్, కుర్చీ, సుందరయ్య, చప్పట్లు.

మూడోసారికి మా ఊరు అలవాటుపడింది. ప్రేమకుమారి తెనాలి క్లినిక్ వారి అపాయింట్‌మెంట్ చీటీ ఫోటో తీసి హెల్త్ సెంటర్ గోడకు అంటించింది. సిట్టింగు ముందురోజు పిల్లల టీకాలు, గర్భిణుల స్కానింగ్, గ్యాస్ బండి, ఇటుకల ట్రాక్టరు, పెళ్ళి సామాను, అన్నీ ఆ ఒక్కరోజే. చర్చిలో పాస్టరుగారు కొత్త బెంచీలు ఆ రోజే తెప్పించారు. రామాలయానికి నేను మైకుసెట్టు తెప్పించాను. పెళ్ళి ముహూర్తాలు సిద్ధాంతి పెడుతున్నాడో తెనాలి డాక్టరమ్మ పెడుతోందో తెలియకుండా పోయింది.

మా కోడలు ప్రశాంతికి రెండో సిట్టింగుకు మొదటి స్కానింగ్ అయింది. అయిదో సిట్టింగుకు ఏడో నెల. రెండో స్కానింగ్‌లో బిడ్డ అడ్డం తిరిగి ఉందని, కాన్పు ఆసుపత్రిలోనే జరగాలని, మంచం మీద మోయడం కుదరదని చెప్పారు. ప్రేమకుమారి వేళ్ళ మీద లెక్కవేసింది. నెలలు నిండేది సరిగ్గా ఏడో సిట్టింగుకు. సిట్టింగులు ఆరే.

ఆరోది అయిపోయాక నేనూ ఆవిడా తెనాలి వెళ్ళాం. ఏడోది ఒకటి పెట్టమని ప్రేమకుమారి డాక్టరుగారిని బతిమాలింది. ఆవిడ నవ్వి, ఛైర్మన్ గారికి బాగా పనిచేసిందని, నల్ల వెంట్రుక ఒక్కటీ లేదని చెప్పారు.

“తెల్లవి వస్తేనో అమ్మా?” అని అడిగింది ప్రేమకుమారి.

“తెల్లవాటికి లేజర్ పట్టదండి. వస్తే గీసుకోవాల్సిందే.”

బస్సులో రేపల్లె వచ్చేదాకా ప్రేమకుమారి పక్క వరసలోని ముసలాయన తెల్లగడ్డాన్నే చూస్తూ కూర్చుంది.

కాన్పుకు ఇంకా పది రోజులుందనగా రేపల్లెలో ఛైర్మన్ గారికి సన్మానం జరిగింది. రాష్ట్రంలో ఎంతమంది నాయకులున్నా ఒకే కల్వర్టును ఆరుసార్లు పూర్తి చేసినవారు ఈయనొక్కరేనని వక్తలందరూ కొనియాడారు. ఆయన ముఖం ఫ్లెక్సీలో కంటే నున్నగా ఉంది. దండలు సాఫీగా జారాయి. పారాయణ ముగించుకుని వెళ్ళిన నాకు ముందు వరసలో కుర్చీ ఇచ్చారు.

అర్జీలు ఇచ్చేవాళ్ళు రమ్మన్నప్పుడు ప్రేమకుమారి వేదిక ఎక్కి, శాశ్వత కల్వర్టు కావాలని రాసిన కాగితం ఇచ్చింది. ఛైర్మన్ గారు చదివి ఎంతో ఆప్యాయంగా మడతపెట్టారు.

“దీక్ష ముగిసిందమ్మా. ఇక నాకు గీసుకునే పనే లేదు కదా.”

ఆవిడ దిగలేదు. టీకా వేసిన చోట వాపు చూసినట్టు ఆయన ముఖంలోకి చూసింది.

“సార్, ఎడం చెంప మీద, చెవి కింద, నాలుగు తెల్లవి ఉన్నాయండి.”

మైకు ఆవిడ ముందే ఉంది. ఛైర్మన్ గారి చెయ్యి చెంప మీదికి వెళ్ళింది. విలేకరులు కుర్చీలెక్కారు. ఏమీ లేవు, డాక్టరుగారు సర్టిఫై చేశారు అన్నారాయన. డాక్టరుగారు చెప్పింది నల్లవాటి సంగతండి అంది ప్రేమకుమారి.

ఆయన సభంతా కలయజూసి నన్ను కేకేశారు.

“బాబాయ్, నువ్వొచ్చి చూడు. నువ్వు అబద్ధం ఆడవు.”

నేను పైకెళ్ళి కళ్ళజోడు తుడుచుకుని దగ్గరగా చూశాను. తిప్పి చూశాను. వెలుతురు పడేలా చూశాను. డాక్టర్ లాస్య గారి పనితనం గొప్పది. ఆ చెంప కడిగిన పళ్ళెంలా ఉంది.

“నాలుగు కాదు బాబూ, ఏడున్నాయి” అన్నాను.