గడ్డ ఎక్కని కారు

ఆ గురువారం పొద్దున రామచంద్రయ్య అనుకున్న పనులు మూడే. చాయ్ తాగాలి, కారు తుడవాలి, మెకానిక్ మక్సూద్ వస్తే "నీ మిషన్ వద్దు భాయ్" అని చెప్పి పంపాలి. మొదటి రెండూ చక్కగా అయ్యాయి.

నారాయణపేటలో చీరల వ్యాపారి ఆయన. కిందటేడు భార్య గోపమ్మకు పుట్టింటివాళ్లిచ్చిన ఎడ్ల జతను అమ్మేసి, హైదరాబాదులో ఎవరో వదిలించుకున్న చిన్న విదేశీ కారు కొన్నాడు. ఆ రోజుల్లో అందరి కార్లనూ వెనక చక్రాలు తోస్తే, దీన్ని ముందు చక్రాలు లాగుతాయి. ఎండకు రంగు పోతుందని దానికి రోజూ ఒక పాత చీర కప్పేవాడు. అంత ప్రేమ. కానీ గోపమ్మ పుట్టిల్లు గుట్ట మీద ఉంది, నిటారు గడ్డ ఎక్కాలి. దసరాకు పోయినప్పుడు సగం గడ్డలో ముందు చక్రాలు గిరగిరా తిరిగాయే తప్ప కారు కదలలేదు. ఊరంతా చూస్తుండగా గోపమ్మ చీరల మూట నెత్తిన పెట్టుకుని నడిచి ఎక్కింది.

ఇప్పుడు ఆమె గడువు పెట్టింది. "ఐతారం మా తమ్ముడు గుర్వయ్య కొత్తింట్ల పాలు పొంగిస్తుండు. నీ కారు వాని వాకిట్ల దాక వస్తే ఉంచుకో. రాకపోతే అమ్మి, నా ఎడ్లు నాకు తెచ్చియ్యి."

అప్పటినుంచి రామచంద్రయ్యకు అన్నం సయించడం లేదు.

మక్సూద్ మహబూబ్‌నగర్ నుంచి గోనెసంచిలో ఇనుప డబ్బా ఒకటి మోసుకొచ్చాడు. "సేట్, ఇది సూపర్‌చార్జర్. ఇంజన్‌కు రబ్బరు పట్టా కట్టి తిప్పుతం. నువ్వు తొక్కుడే ఆలస్యం, లోపలికి గాలి నూకుతది. బలం దుగునా, రెండింతలు."

వద్దని చెప్పాలి. కానీ ఈ కారు ఇప్పించిందే మక్సూద్. అంతటి మనిషి మొహం మీద ఎలా అంటాడు? "మంచిదే భాయ్" అన్నాడు.

సరిగ్గా అప్పుడే, కారు సంగతి విని చెల్లెలి మొగుడు ఎల్లేశం బస్సు దిగి వచ్చాడు. సాగర్ డ్యాం కట్టే కాడ పెద్ద డంపర్లకు ఫిట్టరు. అతని సంచిలో నత్తగుల్లలాంటి ఇనుప వస్తువుంది.

"బావా, ఇది టర్బో. పట్టా కడితే ఇంజన్ బలం ఆ డబ్బానే తింటది. ఇదైతే ఉత్తగ పోయే పొగతోని తిరుగుతది."

"పొగ జమైందాక ఆగాలె గద" అన్నాడు మక్సూద్. "గడ్డ మీద ఆగితే కారు ఎన్కకు జారదా?"

"నీ పట్టా తెగితే జారదా?"

ఇంటల్లుడి మాట తీసేస్తే చెల్లెలు ఏడాదిపాటు గడప తొక్కదు. రామచంద్రయ్య అటు చూశాడు, ఇటు చూశాడు. "నీది గూడ మంచిదే ఎల్లేశం" అన్నాడు.

ఒక్క ఇంజనుకు రెండు 'మంచిదే'లు. కొంప అక్కడే అంటుకుంది. పట్టాకు జాగా కావాలని మక్సూద్ ఇంజను మీది మూత పీకేశాడు. టర్బోకు జాగా కావాలని ఎల్లేశం బ్యాటరీ విప్పి, పొడుగు తీగలు లాగి, వెనక డిక్కీలో పెట్టాడు. శుక్రవారం ఎల్లేశం పొగగొట్టం కోశాడు. శనివారం మక్సూద్ దాన్ని అతికించాడు. తీరా చూస్తే టర్బో ఇంజనులో సగమంత లావుండి లోపల పట్టలేదు, సూపర్‌చార్జర్‌కు పట్టా అందలేదు. మూడు రోజులు ఇంజనులోకి వంగి వంగి చూసి రామచంద్రయ్యకు మెడ పట్టేసింది. "గడ్డ కాడ చూస్కుందం, ఏది కావాలంటే అది ఆడనే బిగిస్తం" అన్నారిద్దరూ, ఆ ఒక్క మాటలో మాత్రం కలిసి.

ఆదివారం రెండు మిషన్లూ, రెండు పనిముట్ల పెట్టెలూ డిక్కీలోకి ఎక్కాయి. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక ఇద్దరు నిపుణులూ వెనక సీట్లో, చీరల మూటకు అటొకరూ ఇటొకరూ కూర్చున్నారు. గోపమ్మ ముందు కూర్చుంది.

కారు దసరాకు ఎక్కినంత కూడా ఎక్కలేదు. ముందు చక్రాలు గులకరాళ్లు ఎగజిమ్మి, పొగలు కక్కి, ఆగిపోయాయి. నిపుణులు దిగి తప్పు నీదంటే నీదని మొదలుపెట్టారు. రామచంద్రయ్య స్టీరింగు మీద తల వాల్చాడు. "అయిపోయింది. నా నసీబే గింత. అమ్మేద్దాం తియ్యి" అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

గోపమ్మ దిగి కారు చుట్టూ తిరిగొచ్చింది. "మా బాపు గడ్డ మీదికి బండి తోలేటప్పుడు బరువంత ముంగటికి జరిపేటోడు. ఎన్క బరువైతే కాడి పైకి లేస్తది, ఎడ్లకు కాలు నిలువది. నీ కారును గుంజేది ముంగటి చక్రాలాయె. మీరు ముంగట ఖాలీ చేసి ఎన్క నింపిన్రు."

ఆమె మొగుడి వైపు తిరిగింది.

"కారు తిప్పు. ఎన్కకు ఎక్కియ్యి. అప్పుడు గుంజే చక్రాలు దిగువకైతయి, బరువు వాటి మీదనే పడ్తది."

మెడ తిరగని మనిషి వెనక్కి ఎలా చూస్తాడు? గోపమ్మే వెనక సీట్లో మోకాళ్ల మీద కూర్చుని, వెనక అద్దంలోంచి దారి చెప్పింది. "ఎడమకు. ఇంకింత. గాడ రాతిగుండున్నది, చూస్కో. ఇగ తొక్కు."

కారు ఎక్కింది. నిపుణులిద్దరూ నడిచి ఎక్కారు.

గుర్వయ్య వాకిట్లో ఊరు ఊరంతా ఉంది. వాళ్లకు మొదట కనిపించింది వెనక్కి వస్తున్న కారు అద్దంలో గోపమ్మ మొహం. ఆమె తల్లి సత్తమ్మ కళ్లొత్తుకుంటూ, "నా బిడ్డ కారు తోలుకుంట వచ్చింది" అంది. అటువైపు తిరిగి కూర్చున్న అల్లుణ్ని ఎవరూ చూడలేదు.

పాలు పొంగాక గోపమ్మ భర్త దగ్గరికొచ్చింది. "మాట మాటే. వాకిట్లకు వచ్చింది, అమ్మొద్దు."

రామచంద్రయ్యకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె చెయ్యి చాపింది.

"చాబీ ఇటియ్యి. ఊరంత నేనే తోలిన్ననుకుంటున్నరు. ఇప్పుడు కాదంటే తమ్మునికి ఇజ్జత్ పోతది. మక్సూదన్న తోలుడు నేర్పుతనన్నడు."

కారు నారాయణపేట ఇంట్లోనే ఉండిపోయింది, గోపమ్మ తోలుతోంది. రామచంద్రయ్య బస్సుకు పోతున్నాడు.