నాలుకమ్మ మిగిల్చిన ముప్పాతిక బిస్కెట్

ఆ రోజు పొద్దున నాలుకమ్మ తీసుకున్న నిర్ణయం చాలా చిన్నది. అంత చిన్న నిర్ణయానికి ఒక ఫ్యాక్టరీ ఆగిపోతుందని ఎవరూ అనుకోరు. ఆమె మాత్రం ఎందుకనుకుంటుంది?

నాలుకమ్మ అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. బిస్కెట్ ఫ్యాక్టరీలో రుచి చూసే ఉద్యోగం ఆమెది. ఓవెన్‌లోంచి వచ్చిన ప్రతి బ్యాచ్ నుంచి ఒక బిస్కెట్ తిని, బాగుందో లేదో తేల్చాలి. లోకంలో ఇలాంటి ఉద్యోగం కూడా ఉంటుందా అని బంధువుల పిల్లలు ఆమె వైపు కళ్లప్పగించి చూసేవారు. పెద్దవాళ్లు ఆమె నడుము వైపు చూసేవారు.

ఆడపడుచు చూసి ఊరుకునే రకం కాదు. పోయిన వారం వచ్చినప్పుడు వదినగారి ఫోను లాక్కుని అందులో బరువు తగ్గించే యాప్ ఒకటి పెట్టింది. "తిన్నదల్లా ఇందులో ఎక్కించు వదినా. కాలరీలు, ప్రోటీన్లు అన్నీ అదే చూసుకుంటుంది. నీ లెక్క నా ఫోన్లో కూడా కనబడుతుంది, నువ్వేం కంగారు పడకు" అని భరోసా ఇచ్చి వెళ్లింది. నాలుకమ్మకు కంగారు మొదలైంది ఆ భరోసాతోనే.

మొదటి రోజు ఆమె నిజాయితీగా రెండు డజన్ల బిస్కెట్లు ఎక్కించింది. పొరపాటున నొక్కారా అని యాప్ మర్యాదగా అడిగింది. కాదని నొక్కింది. పీచు పదార్థం సున్నా అంది, ప్రోటీన్లు చెప్పుకోదగ్గంత లేవంది, మధ్యాహ్నం కాకుండానే ఈ రోజుకు మీ కోటా అయిపోయింది, మంచినీళ్లు తాగండి అంది. అప్పటికి ఆమె తన లంచ్ బాక్స్ మూతైనా తీయలేదు. సాయంత్రం ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, ఇవాళ ఎవరిదైనా పుట్టినరోజా?" అని అడిగింది.

"ఏవండీ, నేను తినకపోతే ఉద్యోగం పోతుంది. తింటే మీ చెల్లెలు నన్ను బతకనివ్వదు. ఏం చేయమంటారు?" అని ఆ రోజు పొద్దున మొగుణ్ణి అడిగింది.

ఆయన బ్రెడ్డుకు జామ్ పూసుకుంటూ, "బిస్కెట్ మొత్తం తినాలని రూలేమన్నా ఉందా? రుచి తెలిసేది నాలుక్కి గానీ కడుపుక్కాదుగా. ఓ మూల కొరికి పక్కన పెట్టెయ్" అన్నాడు. పెళ్లయిన నాటి నుంచి ఆయన పనికొచ్చే సలహా ఒక్కటి ఇచ్చిన పాపాన పోలేదు. అలాంటిది, ఇదేదో బాగానే ఉందే అనిపించేసరికి ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఇక మీదట మూల మాత్రమే కొరకాలి. అదీ ఆ చిన్న నిర్ణయం.

చిక్కేమిటంటే, రూలు ఉంది. ఓవెన్ల రొదలో ఒకరి మాట ఒకరికి వినపడదు కాబట్టి, ఆ ఫ్యాక్టరీలో ఎప్పటి నుంచో ఒక పద్ధతి నడుస్తోంది. రుచి చూసే మనిషి గాజు కిటికీ వెనక కూర్చుంటుంది. బిస్కెట్ మొత్తం తిని చేతులు దులుపుకుంటే సరుకు ప్యాకింగ్‌కు వెళ్తుంది. పళ్లెంలో ముక్క మిగిలిందంటే తేడా ఉన్నట్టు, వెంటనే బెల్టు ఆపాలి. నాలుకమ్మకు తిండి వదిలేసే అలవాటు పుట్టుకతోనే లేదు. ఏళ్ల తరబడి ముక్క మిగల్చలేదు, మిగలనిదానికి రూలు గుర్తుండేదెలా? కింద పనిచేసేవాళ్లు మాత్రం మరిచిపోలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాళ్ల ఒక కన్ను ఆమె పళ్లెం మీదే ఉంటుంది.

పైగా ఆ రోజు మామూలు రోజు కాదు. ఊరంతా దుకాణాలున్న ఆసామి ఒకాయన పెద్ద ఆర్డరు ఇవ్వడానికి స్వయంగా వస్తున్నాడు. ఖర్చులు తగ్గించాలని నెల రోజులుగా కిందామీదా పడుతున్న యజమాని ముందు రోజే అందరినీ నిలబెట్టి చెప్పాడు. "రేపు ఒక్క బ్యాచ్ ఆగడానికి వీల్లేదు. ఈ ఆర్డరు రాకపోతే కొన్ని పోస్టులు తీసేయక తప్పదు. జీతమిచ్చి బిస్కెట్లు తినిపించే పోస్టుతోనే మొదలెడతా." ఆ పోస్టులో ఉన్నది ఎవరో చెప్పనక్కర్లేదు. మొగుడి జీతం ఇంటద్దెకే చాలదు. నాలుకమ్మకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

మొదటి బ్యాచ్ వచ్చింది. నాలుకమ్మ బిస్కెట్ తీసుకుని చిన్న మూల కొరికింది, తక్కిన ముప్పాతికా పళ్లెంలో పెట్టి ఫోను తీసింది. పావు బిస్కెట్ ఎక్కించే దారి యాప్‌లో కనపడలేదు. ఒకటి అనో రెండు అనో నొక్కాలి గానీ, పావు తినే మనిషి ఉంటుందని దాన్ని చేసినవాళ్లు ఊహించలేదు. ఆమె మొహం చిట్లించింది, పెదవి విరిచింది, తల అడ్డంగా ఆడించింది. గాజు కిటికీ అవతలి నుంచి చూసినవాళ్ల పైప్రాణాలు పైనే పోయాయి.

బెల్టు ఆగింది. ఓవెన్ మేస్త్రీ పరుగెత్తుకుంటూ వచ్చి పళ్లెంలో ముక్కను చూశాడు, ఆమె మొహం చూశాడు, తలుపు దగ్గరే కూలబడ్డాడు.

"తెలిసిపోయిందా అమ్మా? పెందరాళే ఇంటికెళ్దామని నేనే బెల్టు స్పీడు పెంచాను. అడుగు సరిగ్గా కాలదని తెలుసు. బుద్ధి గడ్డి తిందమ్మా, పిల్లలు గలవాణ్ణి!"

అయ్యో, నేను డైటింగ్‌లో ఉన్నాను నాయనా అని నాలుకమ్మ చెబుదామనుకుంది. డైటింగ్ కోసం బెల్టు ఆపించిన మనిషిని యజమాని ఏం చేస్తాడో తలచుకునేసరికి గొంతులోంచి "ఊ" ఒక్కటే వచ్చింది. దానికి ఏ అర్థమైనా చెప్పుకోవచ్చు. మేస్త్రీ తనకు కావలసినది చెప్పుకున్నాడు, లేచి యజమాని గదివైపు పరుగెత్తాడు. పోతూ పోతూ సాక్ష్యం ఉండాలని పళ్లెం కూడా పట్టుకుపోయాడు.

అతను అటు వెళ్లాడో లేదో, పిండి కలిపే మాస్టారు ఇటు వచ్చాడు. ఆ పెద్దమనిషి మామూలుగా ఎవరికీ తలవంచడు. వచ్చీ రాగానే చేతులు జోడించాడు.

"మేస్త్రీ చెప్పకముందే నేనే చెప్పేస్తా. ఉప్పు కొలిచే కప్పు పగిలి పది రోజులైంది. టీ గ్లాసుతో పోస్తున్నా. ఇన్నేళ్ల అనుభవం, చెయ్యి తప్పదనుకున్నా. నీ నాలుక తగలెయ్య, ఎలా పట్టేశావమ్మా!"

"మాస్టారూ, నేనేమీ పట్టలేదండీ..."

"ఎగతాళి చేస్తున్నావా? చెయ్యి తల్లీ, చెయ్యి. నాకదే శాస్తి."

ఎవరి తప్పు వాళ్లు ఒప్పేసుకుంటూ ఉంటే నాలుకమ్మ కుర్చీలోంచి లేచింది. ఆ మిగిలిన ముక్క గబగబా నోట్లో వేసుకుని చేతులు దులిపేస్తే గొడవ వదిలిపోతుందనిపించింది. తిందామంటే పళ్లెం లేదు. ఈలోగా మేడ మీది నుంచి పిలుపు రానే వచ్చింది. ఉద్యోగం ఎలాగూ పోయింది, అబద్ధంతో పోవడం కన్నా నిజంతో పోవడమే నయమనుకుంటూ మెట్లెక్కింది.

యజమాని బల్ల మీద పళ్లెం ఉంది, పళ్లెంలో ముప్పాతిక బిస్కెట్ ఉంది. దుకాణాల ఆసామి పక్క గదిలో కాఫీ తాగుతున్నాడు.

"సార్, బిస్కెట్‌లో ఏ తప్పూ లేదండీ. బరువు తగ్గుదామని ఫోన్లో యాప్ పెట్టుకున్నా. కాలరీలు ఎక్కువవుతాయని మూల కొరికి పక్కన పెట్టా. అంతేనండీ."

యజమాని లేచి వెళ్లి తలుపు వేసి వచ్చాడు.

"మీది పెద్ద మనసు మేడమ్. నా పరువు పోకూడదని మీ మీద వేసుకుంటున్నారు. కానీ ఇంత నాసిరకం అబద్ధం చెబితే పక్క గదిలో ఆయన నమ్ముతాడా?"

"అబద్ధం కాదండీ! ఇదిగోండి, ఫోన్ చూడండి..."

"వద్దు మేడమ్, నన్ను ఇంకా సిగ్గుపడేలా చేయకండి. వెన్న బదులు వనస్పతి వేయిస్తున్న మాట నిజమే. నెల రోజులైంది. పెట్టెల మీద వెన్న అని కాగితాలు కూడా నేనే అంటింపించా. మాస్టారు కూడా కనిపెట్టలేదు, ఇంకెవరు కనిపెడతారులే అనుకున్నా. మీకెప్పుడు తెలిసింది?"

నెల రోజులు! ఆ నెల రోజులూ తను వనస్పతి బిస్కెట్లు లొట్టలు వేసుకుంటూ తిని చేతులు దులిపింది. ఈ మధ్య రుచి ఇంకా పెరిగిందని మొగుడితో కూడా అంది. నడుము గురించి ఆడపడుచు అన్న మాటలేవీ ఇంతగా గుచ్చుకోలేదు. నాలుకమ్మకు నాలుక లేదని లోకానికి తెలిస్తే ఈ ఉద్యోగమే కాదు, ఆ పేరు కూడా పోతుంది. యాప్‌కు సైతం అబద్ధం చెప్పలేని ఆ ఇల్లాలు తల పైకెత్తింది.

"మొదటి రోజే తెలిసిందండీ. మీ అంతట మీరే దిద్దుకుంటారేమోనని నెల రోజులు చూశాను."

యజమాని కళ్లు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత పనులు చకచకా జరిగిపోయాయి. కోల్డ్ రూములో మిగిలిన వెన్న పెట్టెలు కిందికి దిగాయి. మాస్టారు కొత్త కప్పు తెప్పించి తాసులో తూచినంత జాగ్రత్తగా ఉప్పు కొలిచాడు. మేస్త్రీ బెల్టు పక్కనే నిలబడి ఒక్కో బిస్కెట్ అడుగూ తిప్పి చూశాడు. మధ్యాహ్నానికి కొత్త బ్యాచ్ దిగింది. యజమాని, ఆసామి, పనివాళ్లంతా గాజు కిటికీకి ముక్కులు ఆనించి నిలబడ్డారు.

ఒక్కటి మాత్రమే తిందామని నాలుకమ్మ చెయ్యి చాపింది. వెన్న నాలుక మీద కరిగింది. అంతే, ఆమెకు కిటికీ అవతలి జనం కనపడలేదు. జేబులో ఫోను గిలగిల కొట్టుకుంటే వినపడలేదు. బిస్కెట్ అంటే ఇదీ కదా, నెల రోజులు దీన్నెలా మరిచిపోయానని ఏడుపొచ్చినంత పనైంది. మొదటిది అయిపోయింది. ఎవరూ అడక్కుండానే రెండోది తీసింది, మూడోది కూడా తీసింది. ఆమె చేతులు దులుపుకునేసరికి ఫ్యాక్టరీ అంతా ఈలలు, చప్పట్లు.

దుకాణాల ఆసామి ముచ్చటపడిపోయాడు. "ఏళ్ల తరబడి వ్యాపారం చేస్తున్నానండీ. తన సరుకు తానే ఇంత ఇష్టంగా తినే మనిషిని ఇప్పుడే చూడటం. ఆర్డరు రెట్టింపు చేస్తున్నా. కానీ ఒక్క షరతు. నా బ్యాచ్‌లన్నీ ఈవిడే రుచి చూడాలి, మొత్తం తినాలి. ముక్క మిగిలిందని తెలిస్తే సరుకు వెనక్కి పంపిస్తా" అన్నాడు. యజమాని షరతు కాగితం మీద పెట్టించి, అక్కడికక్కడే ఆమె పోస్టు పర్మనెంటు చేశాడు.

కొత్త హోదాతో పాటు నాలుకమ్మకు కొత్త తెల్లకోటు కూడా ఇచ్చారు, ముందుచూపుతో రెండు సైజులు పెద్దది.