ఎవరి బాబాయిగారు?

కుట్టుమిషను లేదు.

కిటికీ పక్కన, దుప్పటి కప్పి తన చేతులతో నిలబెట్టిన చోట ఉత్త నేల కనిపిస్తోంది. గోడవారన పెట్టిన రెండు పెద్ద పెట్టెలూ లేవు. లిఫ్టు ఇంజనీరు గుండెల్లో రాయి పడింది. రాత్రి ఎక్కిన మత్తంతా ఆ దెబ్బకి దిగిపోయింది.

భార్య ఏ క్షణాన్నయినా వచ్చేయవచ్చు. పెళ్లయిన ఏడాదికి, ఈ పరాయి దేశంలో కాపురం పెట్టడానికి మొదటిసారి వస్తోంది. ఆ మిషను ఆవిడ తొలి సంపాదనతో కొనుక్కున్నది. దాన్ని ఓడలో ముందే పంపించి, మిషను మీద గీత పడినా, ఇంట్లో మీ స్నేహితులు కనిపించినా తిరుగు విమానం ఎక్కేస్తానని ఫోనులో తేల్చి చెప్పింది. ఆవిడ అన్నదంటే చేస్తుంది. విమానాశ్రయానికి రావద్దు, ఇల్లు సర్దిపెట్టండి చాలు, అని కూడా అంది. అందుకే పెందలాడే లేచి, ఇల్లు తుడిచి, పూలు తెచ్చిపెట్టాలని అతని పథకం.

పథకానికి తూట్లు పొడిచిన ఇద్దరూ హాల్లోనే ఉన్నారు. బూడిదరంగు సోఫా మీద ప్లీడరు, దాని కింద పళ్ల డాక్టరు. ఇద్దరూ చిన్ననాటి నేస్తాలే. ఏదో సభకని ఈ ఊరొచ్చి, నిన్న సాయంత్రం చెప్పాపెట్టకుండా ఫోను చేసి, ఒక్క గ్లాసు తాగి పోదామన్నారు. ఆ ఒక్క గ్లాసు ఒక బారులో మొదలై, పక్క బారుకి పాకి, వీధిలో ఉన్న బార్లన్నీ చుట్టొచ్చింది.

ఇంజనీరు ఇద్దర్నీ తట్టి లేపి సంగతి చెప్పాడు. ప్లీడరు కళ్లు నులుముకుంటూ గది కలయజూశాడు.

"ఆ పుస్తకాల బీరువా నీదేనా?"

కాదు. ఇంజనీరు ఈ అద్దె ఇంట్లో దిగి వారమే అయింది. సోఫా, తెరలు, బల్లలు అన్నీ ఇంటివాళ్లవి. పుస్తకమనేది అతను ఒక్కటీ తెచ్చుకోలేదు.

"దొంగలు మిషను పట్టుకెళ్లి పుస్తకాలు పెట్టి పోతారట్రా?" అన్నాడు డాక్టరు.

"పెడతారు. దొంగసొత్తు దాచుకోడానికి ఈ ఇల్లు వాడుకుంటున్నారు. ఇలాంటి కేసులు నేను చూశాను," అన్నాడు ప్లీడరు. అతను ఇంతవరకూ చూసినవన్నీ పొలంగట్ల తగాదాలే.

అప్పుడే పడకగదిలోంచి గురక వినిపించింది. ముగ్గురూ తలుపు సందులోంచి తొంగిచూశారు. మంచం మీద ఒక పెద్దాయన, కళ్లజోడు మడిచి గుండెల మీద పెట్టుకుని, హాయిగా నిద్రపోతున్నారు.

"మీ బాబాయిగారికి ఇంకా తెల్లారినట్టు లేదు," అన్నాడు డాక్టరు.

"నాకు బాబాయేమిట్రా? ఆయన మీతో వచ్చాడు కదా."

"మాతోనా? బాబాయిగారూ, బాబాయిగారూ అని రాత్రంతా పిలిచింది నువ్వేగా?"

పిలిచాడు, నిజమే. మొదటి బారులో గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి, ఆ పెద్దాయన వీళ్లిద్దరితో ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. తెలుగువారు, పైగా వయసులో పెద్ద. స్నేహితుల తాలూకు మనిషిని బాబాయిగారని కాక ఏమని పిలుస్తాం? ఆ పిలుపు విని, ఇంజనీరు సొంత బాబాయే కాబోలనుకుని వీళ్లిద్దరూ ఆయనకి మర్యాదలు మొదలుపెట్టారు. మీరెవరండీ అని అడగడానికి ముగ్గురికీ మొహమాటం అడ్డొచ్చింది.

"ఇంకేముంది, ముఠాలో మనిషి. సామానుతో పరారైనవాళ్లు ఇతన్ని మరిచిపోయారు," అని ప్లీడరు తలుపు మూసి, పిడి కింద కుర్చీ బిగించాడు.

ఆ చప్పుడుకి లోపల గురక ఆగింది. కాసేపటికి, మునివేళ్లతో కొట్టినట్టు, తలుపు మీద మెల్లగా చప్పుడైంది.

"నాయనా, కాస్త తలుపు తీస్తారా?"

"మిషను ఎక్కడుందో చెబితే తీస్తాం," అన్నాడు ప్లీడరు.

"నాకు తెలియదు బాబూ. కాఫీపొడి మాత్రం పై అరలో, పచ్చ డబ్బాలో ఉంది. మీరు పెట్టుకుంటే, శ్రమ అనుకోకుండా నాకూ ఓ కప్పు."

ప్లీడరు స్నేహితుడి భుజం పట్టుకున్నాడు. "చూశావా? ఇల్లంతా గాలించాడు. నీ కాఫీపొడి ఎక్కడుందో నీకన్నా అతనికే బాగా తెలుసు."

డాక్టరు దొంగసొత్తు కింద పుస్తకాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇంజనీరు పోలీసులకి ఫోను చేయబోయేంతలో, ఆ ఫోనే మోగింది. భార్య.

"తలుపు తీయండి. బెల్లు కొట్టీకొట్టీ వేలు నొప్పెడుతోంది."

బెల్లు మోగనేలేదు. ఒక్క అంగలో వెళ్లి తలుపు తీశాడు. బయట పిట్టమనిషి లేడు.

"ఎక్కడున్నావ్?"

"గుమ్మంలో."

"నేనూ గుమ్మంలోనే ఉన్నానే."

"పొద్దున్నే పరాచికాలా?"

ఆ మాట అతనికి రెండుసార్లు వినిపించింది. ఒకసారి ఫోనులోంచి, ఒకసారి పైనున్న మెట్ల మీంచి. ఇంజనీరు మెల్లగా తలుపు మీది అంకె వైపు చూశాడు. అది మూడో అంతస్తు. అతనుండేది నాలుగులో.

వృత్తిధర్మం కొంప ముంచింది. ఏ లిఫ్టు ఎక్కినా అతను అంకెలు చూడడు. తల పైకెత్తి మోటారు చప్పుడు వింటాడు, అందరూ దిగితే దిగుతాడు. రాత్రీ అదే చేశాడు. అతను దిగేసరికి ఎవరో తలుపు తీసే ఉంచారు. లోపల అదే బూడిదరంగు సోఫా. ఆ భవనంలో ఏ ఇంట్లో చూసినా అదే సోఫా.

భార్య మెట్లు దిగి వచ్చింది. కుర్చీ బిగించిన తలుపునీ, చంకలో పుస్తకాలతో డాక్టరునీ, జుట్టు రేగిన ప్లీడరునీ వరుసగా చూసింది. వెళ్లి కుర్చీ లాగేసింది.

పెద్దాయన బయటికి వచ్చి ఆవిడకి నమస్కారం పెట్టారు. ఆ ఇంట్లో ఒంటరిగా ఉంటున్న లెక్కల మేష్టారట. రాత్రి నలుగురూ కలిసి బార్లు చుట్టొచ్చిన సంగతి విని, ఇలాంటివాళ్లని వెంటేసుకుని ఎందుకు తిరిగారని ఆవిడ అడిగింది.

"నేను తిరగలేదమ్మా. నిమ్మరసం తాగి ఇంటికి పోదామని కూర్చుంటే, నా బల్ల దగ్గరికే వచ్చి కూర్చున్నారు. లేవబోతే చెయ్యి పట్టుకుని ఇంకో చోటికి తీసుకెళ్లారు. చివరికి టాక్సీ పిలుచుకున్నాను, అందులోనూ ఎక్కారు. ఇంట్లోకి వచ్చి పడుకున్నారు. పొమ్మంటే ఏం బాగుంటుంది?"

ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "నా మిషను?"

"పైన భద్రంగా ఉంది. ఇల్లు కూడా శుభ్రంగానే ఉంది, రాత్రి ఎవరూ లేరుగా," అన్నాడు ఇంజనీరు, పోయిన ప్రాణం లేచొచ్చి.

ఆవిడ కొంచెం మెత్తబడింది. "సరే. అందరూ పైకి రండి, మేష్టారు కూడా మా ఇంట్లోనే భోంచేస్తారు. కానీ ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లిన ఆ ఒక్కరు మాత్రం ఈ వారమంతా నా గడప తొక్కకూడదు. ఎవరండీ ఆ మనిషి?"

ఇంజనీరు జాలిగా ప్లీడరు వైపు చూశాడు. బల్ల దగ్గర ముందు చేరింది వాడే మరి. మేష్టారు నేలచూపులు చూస్తూ, పోనీలెండమ్మా అని గొణిగారు. ఇంజనీరే చొరవ చేసి, ఫరవాలేదు చెప్పేయండి బాబాయిగారూ అని భుజం తట్టాడు.

"మీవారేనమ్మా," అన్నారు మేష్టారు, రాత్రి నుంచి మొదటిసారిగా మొహమాటం లేకుండా.