ఉండనిచ్చిన మనిషి

మే నెల తొమ్మిదో తేదీన నేరేడుగూడ కరెంటాఫీసు, గాంధీనగర్ కాలనీ 6-114 నంబరు ఇంటికి యజమానిగా ఆ ఇంటి వెనక గదిలో నడుస్తున్న బిట్‌కాయిన్ మెషీన్‌ను రాసుకుని, అంతవరకు యజమానిగా ఉన్న రాపోలు ఉపేందర్‌ను "ఉండనిచ్చిన మనిషి" అనే కాలమ్‌లోకి మార్చింది. నోటీసు మూడు కాపీలు తీశారు. ఒకటి ఆఫీసులో ఉంచుకున్నారు, ఒకటి మెషీన్ ముందు పెట్టారు, మూడోది మీటరు డబ్బా మీద అన్నం మెతుకులతో అతికించారు. ఆ కాపీలు తీసింది ఉపేందర్ జిరాక్స్ సెంటర్‌లోనే. ఎవరి కాగితం వాళ్లది అన్న వృత్తిధర్మం ప్రకారం అతను చదవకుండా తీసిచ్చాడు.

నోటీసు అతికించిన లైన్‌మన్ సైదులుకు ఉపేందర్ చిన్నప్పటి నుంచి తెలుసు. అందుకని చెప్పులు విప్పి మరీ అతికించాడు.

"ఏంది సైదులూ ఇది? నా ఇంట్ల నేను ఉండనిచ్చిన మనిషినా?"

"నన్నంటే ఏం లాభమే అన్నా. యూనిట్లు సూడు. పోయిన నెల మీ ఇంట్ల కాలింది రెండు వేల నాలుగు వందలు. అండ్ల నువ్వూ వదినా కలిసి కాల్చింది నూట పది. ఎవలు ఎక్కువ కాలిస్తే ఇల్లు వాళ్లది. కొత్త రూలు."

"దాన్ని కొనుక్కొచ్చిందే నేను గదరా!"

"మీ నాయిన నిన్ను పెంచిండు. గందుకని నువ్వు మీ నాయిన సామానువా?" అన్నాడు సైదులు. తర్వాత గొంతు తగ్గించాడు. "అభ్యంతరముంటే పదిహేను దినాలల్ల చెప్పుకోవచ్చు. పదహారో దినం సంది మిమ్ముల ఉంచుకునుడు, పంపుడు దాని ఇష్టం."

మెషీన్ ఆ ఇంటికి వచ్చి అప్పటికి అయిదు నెలలు. అంతకుముందు ఉపేందర్‌కు హాబీ అంటూ లేదు. కాలనీలో మిగతావాళ్లకు ఉన్నాయి. ఒకాయన కాలువలో చేపలు పడతాడు, ఇంకొకాయన పెళ్లిళ్లకు పోయి వంకాయ కూర బాగాలేదని చెప్పి వస్తాడు. నలభై రెండేళ్లొచ్చినా తనకంటూ ఏమీ లేదన్న బెంగతో ఉపేందర్ ఫోన్‌లో నూట అరవై వీడియోలు చూసి, చివరికి క్రిప్టో మైనింగ్ దగ్గర ఆగాడు. వీడియోలోని కుర్రాడు ఇది ఇంట్లో కూర్చుని చేసుకునే పని అని, మెషీనే అంతా చూసుకుంటుందని, మనిషి చేయాల్సిందల్లా మెషీన్‌ను చూస్తూ ఉండడమేనని చెప్పాడు. ఆ విషయంలో ఉపేందర్‌కు పదిహేడేళ్ల అనుభవం ఉంది. జిరాక్స్ మెషీన్‌ను చూస్తున్నాడు.

ఎవరో వాడి వదిలేసిన మెషీన్ ఒకటి హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్‌లో వచ్చింది. రెండు చెప్పుల డబ్బాలు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది, పిండి గిర్నీ అంత మోత మోగుతుంది. దాని పని ఊహించడం. ఎక్కడో ఒక నంబరు ఉంటుంది. ప్రపంచంలోని ఇలాంటి మెషీన్లన్నీ ఆ నంబరు కోసం ఒకేసారి అడ్డదిడ్డంగా ఊహిస్తూ ఉంటాయి. ముందుగా తగిలినవాడికి నాణేలు. మిగతా అందరూ అంతవరకు చేసినదంతా పారేసి, ఇంకో నంబరు కోసం మళ్లీ మొదలుపెడతారు. సుమారు పది నిమిషాలకోసారి ఇలా జరుగుతుంది. పోటీకి వచ్చేవాళ్లు పెరిగితే నంబరు ఇంకా కష్టమవుతుంది. ఇదంతా శ్రద్ధగా విని ఉపేందర్ భార్య స్వరూప, "గ్రూప్ టూ పరీక్ష లెక్కనా?" అని అడిగింది. ఆమె మూడుసార్లు రాసింది.

మెషీన్ ఆన్ చేసిన పొద్దున గ్యాస్ అయిపోయింది. కొత్త వస్తువు ఇంట్లోకొస్తే అందరి నోరూ తీపి చేయాలి. స్వరూప పాలగిన్నెను వెనక గదిలోకి తీసుకెళ్లి మెషీన్ వేడిగాలి వదిలే వైపు పెట్టింది. ఇరవై నిమిషాల్లో పాలు పొంగాయి, అదీ తూర్పు వైపుకు. పక్కింటి ఎల్లమ్మత్త దండం పెట్టింది. అక్కడే కాగిన పాయసం సైదులు కూడా రెండు గ్లాసులు తాగాడు. పొరపాటు జరిగింది ఇక్కడే. ఎవరి పొయ్యి మీద పాలు పొంగితే గృహప్రవేశం వాళ్లది. ఇది కాలనీలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. పదహారేళ్ల కింద తమ సొంత గృహప్రవేశం రోజున పాలు పొంగకుండా అడుగంటాయని స్వరూపకు తర్వాత గుర్తొచ్చింది. కరెంటాఫీసు ఫైలు తిరగేస్తే ఆ సంగతి అందులో అప్పటికే ఉంది, ఇద్దరు సాక్షుల సంతకాలతో.

నోటీసు పడిన మర్నాటి నుంచి కాలనీ పద్ధతిగా నడుచుకుంది. మెషీన్ వేడిగాలికి వడియాలు, మిరపకాయలు గంటలో కరకరలాడేలా ఎండుతాయి. అంతవరకు స్వరూపను అడిగి చాటలు పెట్టుకునే ఆడవాళ్లు ఇప్పుడు నేరుగా మెషీన్‌నే అడుగుతున్నారు.

"సారూ, జెర ఈ మిరపకాయలు ఆరబోస్తున్న, ఏమనుకోకు," అంది ఎల్లమ్మత్త.

మెషీన్ ఏమీ అనుకోలేదు.

"ఎంత నెమ్మదస్తుడో సూసినవా స్వరూపా! ఒక్క మాటనడు. గా నీ మొగడైతే పోయినేడు నా చాట ఎత్తి బజాట్ల ఏసిండు."

ఉపేందర్ ఆ మాట విని చొక్కా వేసుకుని కరెంటాఫీసుకు బయలుదేరాడు. ఇల్లు పోతే పోయింది కానీ, ఎల్లమ్మత్త ముందు తక్కువ కావడం అతనికి ఇష్టం లేదు. నిజానికి ఇల్లు పోవడం కూడా ఇష్టం లేదు.

అసిస్టెంట్ ఇంజనీరు వామన్‌రావు మర్యాదస్తుడు. అభ్యంతరాల ఫారం తానే తీసి, పెన్ను మూత తానే విప్పాడు.

"నువ్వేం పని చేస్తవు?"

"జిరాక్స్ సెంటర్ సార్."

"అది మెషీన్ చేస్తది. నువ్వేం చేస్తవు?"

"బటన్ నొక్కుత సార్."

ఇంజనీరు "బటన్" అని రాసుకున్నాడు. "మరి ఇంట్ల?"

"ఇంట్ల... ఉంట సార్."

"మేం రాసింది గూడ అదే గదా."

ఉపేందర్ కుర్చీలో ముందుకు జరిగాడు. "సార్, ఒక్క మాట. అయిదు నెలల సంది అది నడుస్తున్నది. ఇంతవరకు ఒక్క నంబరు కొట్టలే. ఒక్క నాణెం రాలే."

"గెలవమని ఎవరన్నరు? పని జేసినట్టు రుజువు గావాలె, అంతే. ఎప్పుడన్న ఆగిందా అది?"

"ఆగలే."

"మరి?"

ఉపేందర్ జీవితంలో జవాబు దొరకనప్పుడల్లా పట్టుదల వచ్చేది. ఇప్పుడూ వచ్చింది. "నేను గూడ ఆగకుంట చేస్త సార్. అది చేసే పనే. చేత్తోని."

ఇంజనీరు రూల్సు పుస్తకం తిరగేశాడు. అలాంటి అభ్యంతరానికి వీలుంది. గడువు ముగిసేలోగా మెషీన్ ఒక్కసారైనా ఆగి, ఆ సమయంలో మనిషి ఆగకపోతే, ఎక్కువ పని మనిషిదేనని ఒప్పుకోవాలి. తినడానికి, పడుకోవడానికి విరామం లేదు. అయితే భార్య కలం పట్టుకున్నంతసేపు భర్త పని ఆగినట్టు కాదని పాత సర్క్యులర్ ఒకటి ఉంది. అది చాలా పాతది, ఎవరూ రద్దు చేయలేదు.

ఉపేందర్ వెనక గదిలో, మెషీన్ ఎదురుగా చాప వేసుకుని, రెండు వందల పేజీల లాంగ్ బుక్కు తెరిచాడు. ఒక నంబరు ఊహించడం సులభమే. అది సరైనదా కాదా తేల్చడానికే కూడికలు, అంకెల వరసను తిప్పి రాయడాలు వేల కొద్దీ ఉంటాయి. మెషీన్ సెకనుకు తొంభై అయిదు లక్షల కోట్ల నంబర్లు తేలుస్తుంది. ఉపేందర్ రోజున్నరకు ఒకటి తేలుస్తాడు. తేడా ఉందని ఇంజనీరు కూడా ఒప్పుకున్నాడు. పద్ధతి మాత్రం ఒకటేనన్నాడు.

మొదటి నంబరు తప్పు. రెండోది తప్పు. మూడోది తప్పని తేలాక, మొదటి దాంట్లోనే ఒక చోట ఒకటి వేయాల్సిన దగ్గర సున్నా వేసినట్టు స్వరూప పట్టుకుంది. ఉపేందర్ మూడూ మళ్లీ చేశాడు. మూడూ మళ్లీ తప్పే, కానీ ఈసారి సరిగ్గా తప్పు. గదిలో వేడికి సిరా పేజీ మీద పడకముందే ఆరిపోతోంది. చెమట లెక్కలో పడకుండా నుదుటికి తువ్వాలు కట్టుకున్నాడు. అతను పడుకున్నప్పుడు స్వరూప రాసేది, లేచాక వంట చేసి కలిపి ముద్దలు పెట్టేది. ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాక అతను తనే తినసాగాడు.

"పెండ్లయిన కాంచి నా ముంగట ఇంతసేపు ఒక్క కాడ కూసోలే నువ్వు," అంది స్వరూప.

"మాట్లాడించకు. నాలుగొందల పన్నెండు పోయింది."

"నాలుగొందల పదమూడు. ఒకటి ఎక్కిచ్చుకో."

ఆమె కూడికలు అతని కంటే వేగం. మూడుసార్లు పరీక్ష రాసినవాళ్లకు ఆ మాత్రం వస్తుంది. పదకొండో రోజుకు పుస్తకంలో దస్తూరి ఎక్కడ మారిందో సైదులు కూడా పోల్చుకోలేకపోయాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి రెండు గడులలో టిక్కు పెట్టేవాడు. మెషీన్: ఆగలేదు. మనిషి: ఆగలేదు.

పదమూడో రోజు మధ్యాహ్నం ఈదురుగాలి వచ్చింది. వీధి చివర తీగ మీద వేపకొమ్మ పడింది. కరెంటు పోయింది.

అయిదు నెలల తర్వాత ఆ ఇంట్లో నిశ్శబ్దం వినబడింది. కాలనీవాళ్లు భయపడి బయటికొచ్చారు. మెషీన్ మీద ఆకుపచ్చ దీపం ఆరిపోయి ఉంది. చాప మీద ఉపేందర్ కలం మాత్రం నడుస్తోంది.

"రాయే అన్నా, రాయి!" అని అరిచాడు సైదులు. తీగ మీది కొమ్మ తీయాల్సిన మనిషి అతనే, అయినా గుమ్మంలోంచి కదల్లేదు. "తలెత్తకు. సారు పండుకున్నడు. ఇగ ఇల్లు నీదే!"

ఎల్లమ్మత్త కూడా మనసు మార్చుకుని ఉపేందర్‌కు చాటతో గాలి విసిరింది. అదే చాట. పక్క కాలనీ లైన్‌మన్ వచ్చి కొమ్మ తీసేదాకా నలభై నిమిషాలు కరెంటు రాలేదు. నలభై నిమిషాలూ ఉపేందర్ తల ఎత్తలేదు. దీపం మళ్లీ వెలిగేసరికి స్వరూప గోడకు ఆనుకుని ఏడుస్తూ ఉంది. సైదులు రెండో గడిలో మాత్రమే టిక్కు పెట్టి, చేతిరాతతో "శభాష్" అని కూడా రాశాడు.

మర్నాడు ఉపేందర్ అయిదు లాంగ్ బుక్కులు సంకలో పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. కలం మాత్రం ఇంట్లో స్వరూప చేతిలో నడుస్తూనే ఉంది. వామన్‌రావు ప్రతి పేజీ తిప్పి చూశాడు. లేచి చెయ్యి కలిపాడు.

"నా సర్వీసుల ఇసువంటి పని సూడలే. నలభై నిమిషాలు అది ఆగింది, నువ్వాగలే. రుజువైంది."

"అయితే ఇల్లు నా పేరు మీదికి వస్తదా సార్?"

"ఆ నలభై నిమిషాలు నువ్వు చేసింది ఏం లెక్క?"

"నంబరు లెక్క సార్."

"ఎవరి నంబరు?"

ఉపేందర్ ఆలోచించాడు. "మెషీన్ నంబరే సార్."

"గదే నేను రాస్తున్న." ఇంజనీరు రాస్తూ పైకి చదివాడు. "యజమాని నిద్రలో ఉన్నా యజమాని పని ఆపని మనిషి. ఇట్లాంటోళ్లను ఎల్లగొట్టొద్దని రూలున్నది. పదహారో దినమైనా, ఎన్నడైనా నిన్ను కదిలించే హక్కు దానికి లేదు. 'ఉండనిచ్చిన మనిషి' కొట్టేసి 'నమ్మకమైన మనిషి' చేస్తున్న. ఈ కాలనీల ఇంతవరకు ఎవలకూ రాలే ఇది."

సంతకం కోసం ఇంజనీరు రిజిస్టరు ముందుకు జరిపాడు. ఉపేందర్ తన గడి వెతుక్కుంటూ పైనున్న పేర్లు చదివాడు. కరెంటు కాలని చోట కాలిన డబ్బునీ, ఏళ్లనీ యూనిట్లుగా లెక్కేశారు. 6-109 నంబరు ఇంటి యజమాని, ఆరు వందల ఇరవై అడుగుల బోరు, నీళ్లు పడలేదు. 6-111 యజమాని, కొడుకు కోచింగ్ సీటు, నాలుగో ఏడు. 6-112 యజమాని, తెల్ల కారు, కవరు కప్పి ఉంది. ఆ ఇళ్లవాళ్లంతా అతనికి తెలిసినవాళ్లే. వాళ్లెవరూ అభ్యంతరం పెట్టలేదు. చివరి కాలమ్‌లో వేలిముద్రలు, సంతకాలు వరసగా ఉన్నాయి.

పక్కన నిలబడ్డ సైదులు తన ఇంటి గడి మీద వేలు పెట్టి చూపించాడు. "మాది సూసినవా? మేం కట్టబోయే ఇల్లే మేముండే ఇంటికి యజమాని. పిల్లర్ల కాడ ఆగింది. తొమ్మిదేండ్లయింది. పెట్టెయ్యి అన్నా సంతకం, ఏం గాదు."

ఉపేందర్ పెట్టాడు. రెండు వారాల అలవాటు వల్ల ఎడమచేత్తో పెట్టాడు.

ఇంటికి వచ్చేసరికి స్వరూప గుమ్మంలోనే ఉంది, కలం చేతిలోనే ఉంది.

"ఏమన్నరు?"

"ఉండొచ్చన్నరు. ఎల్లగొట్టరట. చెయ్యి గూడ కలిపిన్రు."

"ఇల్లో?"

"దానిదే."

స్వరూప గుమ్మం మీద కూర్చుంది. ఆమె మొహంలో బాధ కోసం ఉపేందర్ వెతికాడు. దొరకలేదు. ఆమె ఏదో లెక్క వేసుకుంటున్నట్టుంది.

"నన్నేమని రాసిన్రు అండ్ల?"

ఉపేందర్ గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. ఆ రిజిస్టరులో ఆమె కోసం గడి లేదు. "నీ పేరు లేదు."

"ఎన్నడున్నది గనుక. మీటరు నీ పేరు మీద ఉన్నప్పుడు గూడ లేదు." ఆమె కొంచెం జరిగి పక్కన చోటిచ్చింది. "కూసో. పదహారేండ్ల సంది వేరేటోళ్ల పేరు మీదున్న ఇంట్ల ఎట్లుండాల్నో నాకెరుక. నీకు చెప్త. గంత కష్టమేం గాదు."

ఉపేందర్ కూర్చున్నాడు.

"ముందుగాల, ఫ్యాన్ ఏసుకోవాల్నంటే అడగాలె. అడిగినంక జవాబు రాకుంటే వద్దన్నట్టు."

"తర్వాత?"

"తర్వాత ఏం లేదు. గంతే. అలవాటైతది."

ఉపేందర్ చొక్కా వీపుకు అతుక్కుని ఉంది. లేచి, చేతులు కట్టుకుని, వెనక గది గుమ్మం దాకా వెళ్లి అడిగాడు.